పాత ట్రక్కు ముల్లు నిజం చెబుతోందా?

ట్యాంకు ఖాళీ అవుతున్నా పావు వంతు ఉన్నట్టు చూపించే ఫ్యూయల్ గేజ్ ఒక్కరు నడిపే బండికి చిన్న చికాకే. నలుగురూ తీసుకెళ్లే బండికి మాత్రం అది ప్రమాదం. మా 1985 నాటి పికప్ ట్రక్కు గేజ్‌ను ఇంటి దగ్గరే ఎలా సరిచేసుకున్నామో, మీ బండికి ఇదే జబ్బు ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

డాలస్ చుట్టుపక్కల మన వాళ్ల ఇళ్ల ముందు కొత్త ఎస్‌యూవీలు, ఎలక్ట్రిక్ కార్ల మధ్య అక్కడక్కడా ఒక పాత పికప్ ట్రక్కు కూడా కనిపిస్తుంది. ప్లేనోలో మా ఇంటి ముందున్నది అలాంటిదే. వయసు నలభై దాటింది. కంప్యూటర్ లేదు, కార్బురేటర్ ఇంజిన్. గుడికి బియ్యం బస్తాలు, బతుకమ్మకు పూలు, పెరట్లో గోంగూర మడికి మట్టి, అన్నీ దాని మీదే వస్తాయి. ఆగస్టు వచ్చిందంటే రిచర్డ్‌సన్‌లో యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన మన పిల్లల పరుపులు, బల్లలు, ఎవరో వదిలేసి వెళ్లిన సోఫాలు కూడా దాని మీదే అపార్ట్‌మెంటు మారతాయి. ‘అన్నా, శనివారం ట్రక్కు ఖాళీయేనా?’ అనే ఫోన్ రాని వారం ఉండదు.

దాని గేజ్ సంగతి నాకు తెలుసు కాబట్టి నాకెప్పుడూ ఇబ్బంది కాలేదు. ట్యాంకు నింపగానే మైళ్ల మీటరు అంకె రాసుకోవడం, 150 మైళ్లు తిరగగానే మళ్లీ నింపడం. మనలో చాలామందికి ఇలాంటివి అలవాటే. చేతక్ స్కూటర్‌కు గేజ్ అనేదే ఉండేది కాదు. పెట్రోల్ అయిపోతే రిజర్వ్‌కు తిప్పేవాళ్లం, అదీ అయిపోతే బండిని పక్కకు వంచి, మరో కిలోమీటరు లాగేవాళ్లం.

ట్రక్కు అడిగిన వాళ్లకు తాళంతో పాటు ‘ముల్లును నమ్మకండి, ఇన్ని మైళ్లకు నింపండి’ అని చెప్పి పంపేవాణ్ని. చిక్కంతా అక్కడే ఉంది. తాళం తీసుకున్న అబ్బాయి ఒకడు, సామాను దించాక రెండో ట్రిప్పుకు నడిపేవాడు ఇంకొకడు. తాళం చేతులు మారుతుంది కానీ, నేను చెప్పిన మాట మారదు. రెండో వాడికి కనిపించేది ముల్లు ఒక్కటే. అది పావు దగ్గర ఉంటే ‘ఇంకా చాలా ఉంది’ అనుకుని హైవే 75 ఎక్కేస్తాడు. టెక్సాస్ ఆగస్టు ఎండలో, కార్లు దూసుకుపోయే రోడ్డు పక్కన, ఈ దేశానికి వచ్చి నెల కూడా కాని పిల్లలు ఆగిపోతే? మా ఆవిడ తేల్చి చెప్పేసింది. ‘ముల్లు బాగుచేయించండి. లేదంటే ఇకమీదట తాళం ఎవరికీ ఇవ్వకండి’ అని. పిల్లలకు ట్రక్కు ఇవ్వడం మానలేను. అందుకే ముల్లు పని పట్టాను.

అబద్ధం ఎంత? ముందు కొలవాలి

మెకానిక్ దగ్గరకు వెళ్లినా, మనమే చేసుకున్నా మొదటి పని ఒక్కటే. గేజ్ ఎంత తప్పు చూపిస్తోందో రాసుకోవడం. గ్యాస్ కొట్టించే ముందు ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఒక ఫొటో, నింపాక పంపు రసీదు. ఈ రెండూ చాలు. నాలుగైదు సార్లు నింపేసరికి జబ్బు తీరు తెలిసిపోతుంది.

మా ట్యాంకు 20 గ్యాలన్లు. మన లెక్కలో సుమారు 76 లీటర్లు. ముల్లు ముప్పావు దగ్గర ఉన్నప్పుడు 5 గ్యాలన్లు పట్టాలి, తొమ్మిదిన్నర పట్టింది. సగం దగ్గర 10 పట్టాల్సింది పద్నాలుగున్నర పట్టింది. పావు దగ్గర 15కు బదులు 19కి పైగా పట్టింది. అంటే ముల్లు పావు చూపిస్తున్నప్పుడు ట్యాంకులో నిజంగా ఉన్నది గ్యాలన్ కన్నా తక్కువ! ఎక్కడ చూసినా తేడా మాత్రం ఒకటే, సుమారు నాలుగున్నర గ్యాలన్లు. గ్యాలన్‌కు 13 మైళ్లిచ్చే బండికి అది దాదాపు 60 మైళ్ల తేడా.

ఊళ్లో తిరిగేటప్పుడు 60 మైళ్ల విలువ తెలియదు. మన కుటుంబాలు సెలవులకు ఇష్టంగా వెళ్లే బిగ్ బెండ్ నేషనల్ పార్కు దారిని గుర్తుచేసుకోండి. మారథాన్ అనే చిన్న ఊరు దాటాక పార్కు లోపలి పాంథర్ జంక్షన్ దాకా సుమారు 70 మైళ్లు ఎడారే. అలాంటి దారిలో ఈ తేడా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనితో పాటు రెండో లోపం కూడా రసీదుల వల్లే బయటపడింది. అసలు గ్యాస్ సగానికి కాస్త తగ్గినప్పుడల్లా ముల్లు ఒక్కసారిగా ఎగిరి, ట్యాంకు నిండినట్టు చూపించి, కాసేపటికి మళ్లీ కిందికి దిగేది. అంటే ఒకే గేజ్‌లో రెండు జబ్బులున్నాయన్న మాట.

ట్యాంకులో ఏముంటుంది?

ఇంటి మీద నీళ్ల ట్యాంకులో నీళ్లతో పాటు పైకీ కిందికీ కదిలే బాల్ ఉంటుంది కదా, గ్యాస్ ట్యాంకులోనూ అలాంటిదే ఒక ఫ్లోట్ ఉంటుంది. అది సన్నని కడ్డీ చివర తేలుతుంది. కడ్డీ రెండో కొస ఒక నిరోధకపు పట్టీ మీద అటూ ఇటూ జరుగుతుంది. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో వాల్యూమ్ బటన్ పనిచేసేదీ ఇలాగే. ఈ మొత్తం భాగాన్ని సెండర్ అంటారు. డాష్‌బోర్డులోని గేజ్ నుంచి వచ్చిన కరెంటు ఈ పట్టీ మీదుగా వెళ్లి, ఎర్త్ వైరు ద్వారా ఛాసిస్‌కు చేరుతుంది. పట్టీ ఎంత నిరోధం చూపిస్తే ముల్లు దాన్ని బట్టి కదులుతుంది. ముల్లుకు తెలిసింది గ్యాస్ కాదు, నిరోధం మాత్రమే.

ఈ నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. అన్ని బళ్లకూ ఒకే లెక్క ఉండదు. కొన్నింటిలో ట్యాంకు ఖాళీ అయితే సున్నా, నిండితే 90 ఓమ్‌లు. పాత రోజుల్లో మరికొన్నింటికి దీనికి తిరగేసిన లెక్క, ఖాళీకి 73, నిండితే 10. ఇంకొన్నింటికి 16 నుంచి 158. మీ బండికి ఏ లెక్కో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పట్టణాల లైబ్రరీల్లో, ఆన్‌లైన్‌లో కూడా ఈ మాన్యువల్స్ దొరుకుతాయి. ఈ అంకెలు తెలియకుండా సెండర్ కొంటే, కొత్తది బిగించాక కూడా ముల్లు తప్పే చూపిస్తుంది.

మా బండిది సున్నా నుంచి 90 లెక్క. అంటే దారిలో ఎక్కడైనా తుప్పు పట్టి నిరోధం పెరిగితే, ముల్లు ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది. తిరగేసిన లెక్క ఉన్న బండిలో అదే తుప్పు తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించే బండి మనల్ని ఊరికే బంకు చుట్టూ తిప్పుతుందంతే. ఎక్కువ చూపించేదే నడిరోడ్డు మీద దింపేస్తుంది.

ముల్లు తీరును బట్టి జబ్బు

నా రసీదుల పుస్తకం, మాన్యువల్ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కొన్ని సంగతులు తేలాయి. మీకూ పనికొస్తాయి.

ముల్లు ప్రతి చోటా ఒకే మోతాదులో తప్పు చూపిస్తుంటే ఎర్త్ వైరునో, ప్లగ్‌లోని తుప్పునో అనుమానించాలి.

ఒక చోట మాత్రమే ఎగిరినా, పడిపోయినా పట్టీ ఆ చోట అరిగిపోయిందని అర్థం. ఇంధనంలోని గంధకం పట్టీ మీద పేరుకున్నా ఇలాగే అవుతుంది. ఇంజెక్షన్ ఇంజిన్లున్న బళ్లలో ముందుగా పీఈఏ అనే రసాయనం ఉన్న ఫ్యూయల్ క్లీనర్ ఒక సీసా పోసి చూడొచ్చు. పేరుకున్నది పోతే పోతుంది. అరిగిపోయిన పట్టీని మాత్రం ఏ సీసా బాగుచేయదు.

ఎంత నింపినా ఖాళీగానే చూపిస్తుంటే ఫ్లోట్‌కు చిల్లు పడి, లోపలికి గ్యాస్ చేరి మునిగిపోయి ఉండొచ్చు. వైరు తెగిపోయినా, ఛాసిస్‌కు తగులుతున్నా ముల్లు ఏదో ఒక కొసన నిలిచిపోతుంది.

గేజ్ మంచిదా, సెండర్ చెడ్డదా అని తేల్చడానికి పాత బళ్లలో తేలికైన పరీక్ష ఉంది. సెండర్ ప్లగ్ తీసి, తాళం ఆన్ చేయాలి. మా లెక్క ఉన్న బండిలో ముల్లు నిండు గీత దాటి పోతుంది. గేజ్ నుంచి వచ్చే వైరును ఛాసిస్‌కు తాకిస్తే ఖాళీకి పడుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు హాయిగా కదిలితే గేజ్, దాని వైరు బాగున్నట్టే. మా ముల్లు రెండు కొసలకూ కదిలింది. డాష్‌బోర్డు విప్పే పని తప్పింది.

‘ముందు ఎర్త్ చూడరా!’

మా ఊరి మెకానిక్ షాపులో అడిగితే సెండర్ మార్చడానికి 450 డాలర్ల దాకా అవుతుందన్నారు. అది అన్యాయమైన ధరేమీ కాదు. తుప్పు పట్టిన బోల్టులతో గంటలకొద్దీ పని అది. ఆ రాత్రి విజయవాడలో ఉన్న బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల వైరింగ్ పని చేసిన మనిషి. రసీదుల లెక్కంతా విని, ‘ఒరేయ్ అబ్బాయ్, అన్ని చోట్లా ఒకటే తేడా అంటున్నావుగా. ముందు ఎర్త్ చూడరా. సగం జబ్బులు అక్కడే ఉంటాయి’ అన్నాడు.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, ట్రక్కు కిందికి దూరాను. సెండర్ నుంచి వచ్చే నల్ల వైరు ఛాసిస్‌కు ఒక చిన్న బోల్టుతో బిగించి ఉంది. నలభై ఏళ్ల బురద, తుప్పు కలిసి ఆ బోల్టు చుట్టూ గట్టిపడి ఉన్నాయి. మల్టీమీటర్‌తో ఆ వైరు కొసకూ, ఛాసిస్‌పై శుభ్రమైన ఇనుముకూ మధ్య కొలిస్తే 20 ఓమ్‌లు. ఉండాల్సింది ఒక ఓమ్ కన్నా తక్కువ. 90లో 20 అంటే ఎంత? 20 గ్యాలన్ల ట్యాంకులో సుమారు నాలుగున్నర గ్యాలన్లు! రసీదులు చెప్పిన అంకె, మీటరు చెప్పిన అంకె సరిగ్గా కలిశాయి.

వైర్ బ్రష్‌తో ఛాసిస్‌ను మెరిసేదాకా గీకి, వైరు కొసకు కొత్త రింగు వేసి, కొత్త బోల్టుతో బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూశాను. మీటరు అర ఓమ్ కన్నా తక్కువ చూపించింది. ముప్పావు గంట పని. ఖర్చు పన్నెండు డాలర్లు. ముల్లు అక్కడికక్కడే కిందికి దిగింది. మొదటి జబ్బు పోయింది. సగం దగ్గర ఎగిరే రెండో జబ్బు మాత్రం అలాగే ఉంది. దానికి సెండర్ మార్చక తప్పదు.

ఆరుగురు కలిసి ఎత్తిన శనివారం

సెండర్ ట్యాంకు పైభాగంలో ఉంటుంది, ట్యాంకు బెడ్ కింద ఉంటుంది. చేయి దూరదు. అయితే ట్యాంకు కిందికి దించాలి, లేదా బెడ్ పైకి ఎత్తాలి. గ్యాస్ ఉన్న ట్యాంకును పడుకుని కిందికి దించడం కన్నా, మనుషులుంటే బెడ్ ఎత్తడమే తేలిక. మనుషులకు మాకేం కొదవ! ట్రక్కు వాడుకున్న వాళ్లకే మెసేజ్ పెట్టాను. శనివారం పొద్దున ఏడింటికల్లా ఐదుగురు దిగారు. నాతో కలిపి ఆరుగురం.

బెడ్‌ను పట్టి ఉంచే బోల్టులు ఎనిమిది. తుప్పు వదిలే నూనెను రెండు రోజుల ముందు నుంచే పోస్తూ వచ్చాను కాబట్టి ఏడు సులువుగా వచ్చాయి. ఎనిమిదోది కోయాల్సి వచ్చింది. వెనుక లైట్ల ప్లగ్ తీసి, గ్యాస్ పోసే గొట్టం స్క్రూలు విప్పి, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు పట్టుకుని బెడ్‌ను లేపి పక్కన కర్ర దుంగల మీద పెట్టాం. ‘అన్నా, మా ఊళ్లో ఎడ్లబండి చక్రం మార్చినట్టే ఉంది’ అన్నాడు గుంటూరు కుర్రాడు.

ఇక్కడ ఒక మెళకువ ఉంది. ట్యాంకు తెరవక ముందే కొత్త సెండర్‌ను పరీక్షించాలి. ప్లగ్‌ను కొత్త సెండర్‌కు పెట్టి, దాని ఎర్త్‌ను ఒక వైరుతో ఛాసిస్‌కు కలిపి, తాళం ఆన్ చేయించాను. ఫ్లోట్ కడ్డీని చేత్తో మెల్లగా పైకి లేపుతుంటే సీట్లో కూర్చున్న అబ్బాయి ‘పావు.. సగం.. ముప్పావు.. ఫుల్’ అని అరుస్తున్నాడు. ఎక్కడా ఎగరలేదు. ఈ పరీక్ష చేయకుండా బిగించేస్తే, కొత్త భాగంలోనే లోపం ఉంటే బెడ్ మళ్లీ ఎత్తాలి.

తర్వాత తాళం ఆఫ్. బ్యాటరీ వైరు పూర్తిగా తీసేశాం. అప్పుడే ట్యాంకు తెరిచాం. సెండర్‌ను పట్టి ఉంచే రింగును ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి తిప్పాం. ఇనుముతో ఇనుమును కొడితే నిప్పురవ్వ లేస్తుంది. పాత సెండర్ బయటికి తీసి చూస్తే, పట్టీ మధ్యలో తీగ అరిగి తెగిపోయి ఉంది. కడ్డీ అక్కడికి రాగానే కరెంటు ఆగిపోయేది, ముల్లు నిండు గీత వైపు ఎగిరేది. ఏళ్ల తరబడి ట్యాంకు సగం చుట్టూనే ఎక్కువ తిరిగితే అరుగుదల కూడా అక్కడే ఉంటుంది మరి. కొత్త రబ్బరు రింగు వేసి కొత్త సెండర్ బిగించి, అరవై దాటిన ఎండలా కాకముందే, పదకొండింటికల్లా బెడ్ మళ్లీ దాని చోట పెట్టేశాం.

చివరి పని లెక్క సరిచూసుకోవడం. ట్యాంకులో దాదాపు ఏమీ లేదు కాబట్టి ఐదేసి గ్యాలన్లు కొట్టిస్తూ ముల్లు చూశాం. ఐదుకు పావు, పదికి సగం, పదిహేనుకు ముప్పావు. వెంట్రుకవాసి తేడా ఉందేమో కానీ, అది ఎవర్నీ రోడ్డు మీద నిలబెట్టేది కాదు.

మల్టీమీటర్‌తో కలిపి మొత్తం ఖర్చు 125 డాలర్ల లోపే అయింది. ఆరుగురికి బిర్యానీ ఖర్చు ఇందులో కలపలేదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

గ్యాస్ కన్నా దాని ఆవిరే ప్రమాదం. అది గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదే పాకుతుంది. అందుకే ట్యాంకు తెరిచే పని గరాజ్‌లో చేయకూడదు. చాలా ఇళ్లలో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దాని మంట చాలు. ఆరుబయటే చేయండి. ట్యాంకులో గ్యాస్ వీలైనంత తగ్గాకే మొదలుపెట్టండి. నూనె మంటలను ఆర్పే బి రకం ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. సిగరెట్లు, వేడెక్కే బల్బులు, దగ్గర్లో ఆడుకునే పిల్లలు ఉండకూడదు.

చాలా అపార్ట్‌మెంట్ల లీజుల్లో, కొన్ని కాలనీల నిబంధనల్లో బండి రిపేర్లు అక్కడ చేయకూడదని ఉంటుంది. ముందే చూసుకోండి. పాత గ్యాస్ మిగిలితే డ్రైనేజీలో పోయొద్దు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం మీ కౌంటీలోనో, సిటీలోనో ఎక్కడుందో కనుక్కుని అక్కడ ఇవ్వండి.

కొత్త బళ్లకు ఇదంతా వర్తించదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బళ్లలో చాలావాటికి పంపు కూడా ట్యాంకులోనే, సెండర్‌తో కలిసి ఉంటుంది. గొట్టాల్లో ఒత్తిడి ఉంటుంది, దాన్ని తగ్గించకుండా విప్పితే గ్యాస్ చిమ్ముతుంది. పంపుకు కరెంటు ఇచ్చే వైరు కూడా అదే ప్లగ్‌లో ఉంటుంది కాబట్టి చేతికొచ్చిన వైరును ఛాసిస్‌కు తాకించడం కుదరదు. 1990ల చివరి నుంచి చాలా బళ్లలో సెండర్ చెప్పే మాట ముందు కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి గేజ్‌కు వస్తుంది. అలాంటి వాటికి స్కానర్ ఉన్న మెకానిక్కే మేలు. అక్కడికి వెళ్లినా మీ రసీదుల లెక్క పట్టుకెళ్లండి. ‘గేజ్ పనిచేయడం లేదు’ అనడం కన్నా ‘ప్రతి చోటా నాలుగున్నర గ్యాలన్లు ఎక్కువ చూపిస్తోంది’ అని చెబితే, మంచి మెకానిక్ నేరుగా ఎర్త్ వైరు దగ్గరకే వెళ్తాడు. మీకు డబ్బులూ మిగులుతాయి.

పంపు ట్యాంకులో ఉన్న బళ్లకు ఇంకో మాట. ఆ పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న గ్యాసే. గేజ్ తప్పు చూపించి తరచూ ట్యాంకు అడుగంటితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. సెండర్ కన్నా అది చాలా ఖరీదు.

ఇంత పని చేసే తీరిక, చోటు అందరికీ ఉండకపోవచ్చు. అప్పటిదాకా కనీసం ఒక పని చేయండి. ‘గేజ్ ఎక్కువ చూపిస్తుంది. నింపాక ఇన్ని మైళ్లకే మళ్లీ నింపాలి’ అని పెద్ద అక్షరాలతో రాసి, స్టీరింగ్ పక్కన అంటించండి. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. తాళం ఎన్ని చేతులు మారినా ఆ కాగితం మాత్రం బండిలోనే ఉంటుంది.